ఆరీఫా వదిలేసిన అక్షరం

ఆరీఫాకు బల్గేరియా ఎక్కడుందో తెలియదు. గ్లాగోలిటిక్ అన్న మాటను ఇప్పటికీ ఒక్క ఊపున పలకలేదు. అయినా వెయ్యేళ్ల కిందటే ఐరోపాలోని స్లావుల దేశాల్లో పుట్టిన ఆ లిపిలోని ఒక కీర్తనల పుస్తకాన్ని పేజీ తర్వాత పేజీ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే. ఒక్క ముక్క అర్థం కాకుండా ఎక్కించింది. ఆ ఉద్యోగంలో అర్థం కాకపోవడమే అర్హత. అర్థమైనవాళ్లు పేజీలో ఉన్నది వదిలేసి, ఉండాల్సింది టైపు చేస్తారని ఆఫీసువాళ్ల భయం.

ఆఫీసు అనంతపురం ఊరి చివర, ఒక గ్రానైటు దుకాణం పై అంతస్తులో ఉంది. కింద రాయి కోసే మోత, పైన కీబోర్డుల టకటక. విదేశాల లైబ్రరీలు పాత పుస్తకాల ఫోటోలు పంపిస్తే, ఇక్కడివాళ్లు వాటిని అక్షరాలుగా మార్చి తిప్పి పంపుతారు. అచ్చు పుస్తకమైతే యంత్రమే చదివేస్తుంది. చేతిరాత, అందులోనూ తలాతోకా తెలియని లిపి అయితే యంత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు శింగనమల నుంచీ కళ్యాణదుర్గం నుంచీ టిఫిను డబ్బాలు పట్టుకుని వచ్చినవాళ్లు కూర్చుంటారు.

మనం ఫోన్లో తెలుగు రాసి పంపితే అవతలివాళ్ల ఫోన్లోనూ తెలుగే కనిపిస్తుందంటే, ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు ఉండడం వల్లే. యూనికోడ్ అంటారు దాన్ని. మన ‘అ’కు ఒకటుంది, బండి ‘ఱ’కూ ఒకటుంది. వాడేవాళ్లు లేని లిపులకూ ఇచ్చారు. ఆరీఫా ఏ మీట నొక్కితే ఆ అక్షరం నంబరు ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఏ బొమ్మకు ఏ మీటో చూపించే పటం ప్రతి బల్ల మీదా అంటించి ఉంటుంది. పటంలో లేని బొమ్మ ఏదైనా ఎదురైతే ‘తెలియదు’ అనే గుర్తు పెట్టి ముందుకు పోవాలి.

ఇంకో నియమం ఉంది. ఒకే పేజీని ఇద్దరు టైపు చేస్తారు. ఒకరిది ఒకరు చూడకూడదు. తర్వాత కంప్యూటరు రెండింటినీ పోల్చి, తేడా ఉన్నచోట ఎర్రగా చూపిస్తుంది. వేరు వేరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేయరు కదా అన్నది లెక్క. లెక్క బాగానే ఉంది. కాకపోతే దాన్ని వేసినవాళ్లెవరో ఆరీఫానూ సువార్తనూ చూసి ఉండరు.

ఇద్దరిదీ శింగనమల దగ్గర ఒకే ఊరు, ఒకే వీధి. సువార్త పెద్దది. నోరూ పెద్దదే. స్కూటీ ఆమెది. పొద్దున్నే ఆమె హారను కొడితే ఆరీఫా చున్నీ చెవుల మీదుగా బిగించుకుని వెనక ఎక్కుతుంది. అక్కడి నుంచి ఆఫీసు దాకా మాటలే. ఎదురుగాలికి సగం మాటలు చెవిన పడవు. పడనివాటికీ ఇద్దరూ జవాబులు చెప్పుకుంటారు. ఆఫీసులో పక్కపక్క సీట్లు. సువార్త మొదటి టైపు, ఆరీఫా రెండో టైపు. ఒకరి తెర ఒకరు చూసుకోకుండా మధ్యలో అట్ట పెట్టారు. మాటలకు అట్ట ఎవరూ పెట్టలేదు.

పేర్లు తెలియని అక్షరాలకు పేర్లు పెట్టుకోవడం అలా మొదలైంది. ఆ లిపిలో మొదటి అక్షరం అచ్చం సిలువలా ఉంటుంది. సువార్త ఆనందపడి సిలువ అంది. ఆరీఫా నాలుగు రోడ్ల కూడలి అంది. మొదటి రోజు కాసేపు వాదించుకుని కూడలికే ఒప్పుకున్నారు, మీట నొక్కే ప్రతిసారీ సిలువ అంటుంటే వేలు భక్తితో ఆగిపోతోందని సువార్తే ఒప్పుకుంది. రెండు గుండ్రాలు పక్కపక్కన ఉన్నది జోడు. మూడు పళ్లున్నది గొర్రు, వేరుశనగ విత్తే గొర్రు లాంటిదే. గుండ్రం, త్రికోణం కలిసిన అక్షరాలు రెండున్నాయి. ఒకదానిలో గుండ్రం పైన, ఇంకోదానిలో కింద. పైనుంటే బిందె నెత్తిన, కిందుంటే బిందె చంకన. కొన్నాళ్లకు ఇద్దరికీ పటం అక్కర్లేకపోయింది.

“గొర్రు పక్కన ఏముండాది మే? నా కండ్లకు మసకగా కనపడతాండాది,” అని సువార్త అడిగేది.

“బిందె చంకన పెట్టుకుండాది అక్కా.”

“నాకు నెత్తిన మాదిరి ఉండాదే.”

“నెత్తిన కాదు. సరిగా సూడు, గుండ్రం కిందుండాది.”

ఇలా మాట్లాడుకోవడం తప్పని ఇద్దరికీ తెలియదనలేం. పనిలో చేరిన రోజున మేనేజరు హనుమంతరాయుడు చెప్పాడు. ఆయన చెప్పింది తెరలు చూసుకోవద్దని మాత్రమేనని వీళ్లు అర్థం చేసుకున్నారు. అలా అర్థం చేసుకోవడంలోనే సుఖం ఉంది.

ఆ బొమ్మ ఎదురైన రోజు మబ్బు పట్టి, ఉత్త గాలి తోలి పోయింది. మా జిల్లాలో మబ్బు చేసే పని అంతే. పేజీ మధ్యలో, ఒక మాట మొదట్లో, పటంలో లేని ఆకారం ఒకటి కనిపించింది. నడుమ చిన్న గుండ్రం, నాలుగు దిక్కులా చాచిన కాళ్లు.

“అక్కా, ఇది చూసినావా? మా ఆయన అంగట్లో గోడకు వైండింగు పటం ఉంటాది చూడు, నాలుగు కాయిల్సుది, అచ్చం అట్లే ఉండాది,” అంది ఆరీఫా. ఆమె భర్త షఫీవుల్లాది బోరు మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగు అంగడి.

సువార్త అట్ట మీదుగా తల ఎత్తింది. “అక్షరం కాదులే మే. రాసి రాసి చెయ్యి నొచ్చి బొమ్మ గీసుకున్నాడు. మా పిల్లోడు నోటుబుక్కులో పూలు గీయడా? అట్ల.”

“తెలీదు గుర్తు పెడదామా?”

“పెడితే సారు వచ్చి నెత్తిన నిలబడతాడు. ఎందుకు తెలీదు, యాడ తెలీదు, ఎప్పటి నుంచి తెలీదు అని. పూవుకు మీట ఏముంటాదప్పా? వదిలెయ్.”

ఇద్దరూ వదిలేశారు. ఇంకొన్ని పేజీల తర్వాత అదే బొమ్మ మళ్లీ వచ్చింది. రాసినవాడికి మళ్లీ చెయ్యి నొచ్చిందనుకున్నారు.

అప్పటిదాకా పంపిన పేజీలు చూసి లైబ్రరీ నుంచి జవాబు వచ్చినప్పుడు హనుమంతరాయుడు ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. గది అంటే మూడు అద్దాలూ ఒక గోడా. లోపల ఏం జరిగినా హాలంతా చూస్తుంది. అందుకని ఆయన కోపం వచ్చినా నవ్వు ముఖంతోనే కోప్పడతాడు. మంచి మనిషి. ఉరవకొండ దగ్గర వేరుశనగ పొలం మీద ఆశ వదులుకుని కంప్యూటరు నేర్చుకున్నవాడు.

“లైబ్రరీ మేడం ఏమి రాసిందో తెలుసా?” అన్నాడు పళ్లు కనిపించేలా. “ఇన్ని పేజీల్లో మీ రెండు ఫైళ్లకూ ఒక్క తేడా ల్యాదంట. ఒక్కటంటే ఒక్కటి! దేవతలు టైపు చేసినా అట్ల రాదంట. పేజీలో ఉన్న అక్షరం ఒకటి మీ ఇద్దరి ఫైళ్లలోనూ మాయమైందంట. అదీ ఒకే చోట. ఒకటి టైపు చేసి దాన్నే రెండోసారి కాపీ కొట్టి పంపినారు అంటాంది. యట్ల సమాధానం చెప్పల్ల?”

“కాపీ కొట్టలేదు సార్,” అంది ఆరీఫా. “మాట్లాడుకున్నాం.”

హనుమంతరాయుడు చేతిలోని కాగితం బల్ల మీద పడేశాడు. నవ్వు మాత్రం అలాగే ఉంది. “అది కాపీ కన్నా అన్యాయం కదమ్మా,” అన్నాడు.

ఆ అక్షరం బొమ్మ కాదని అప్పుడు తెలిసింది. ఆ లిపి చదివినవాళ్లు దాన్ని సాలీడు అక్షరం అంటారట. చాలా అరుదట. దొరికిన నాలుగైదు చోట్లా కొండ అనే మాట మొదట్లోనే వస్తుందట. అందుకే పటం తయారుచేసినవాళ్లూ మరిచిపోయారు. అయినా యూనికోడ్‌లో దానికి సొంత నంబరు ఉంది. చిన్నబడి అక్షరానికి 2C52. లైబ్రరీ మేడం పటంలో తప్పు తమదేనని ఒప్పుకుంది. ‘తెలియదు’ గుర్తు పెట్టకపోవడం మాత్రం ఒప్పుకోలేదు.

“ఒక్క కొండ కోసం ఒక అక్షరమా!” అంది సువార్త. “ఉరవకొండోళ్లు వింటే మాకూ ఒకటి కావాలంటారు సార్.”

“నీ నవ్వులకేమిలే. వినండి. వచ్చే సోమవారం నుంచి మీ ఇద్దరికీ వేరే వేరే షిఫ్టులు. సువార్తమ్మ పొద్దున. ఆరీఫా సాయంత్రం, రాత్రి తొమ్మిది దాకా. ఆ మేడంకు రాసేసినా.”

సువార్త నవ్వు ఆగిపోయింది. రాత్రి తొమ్మిదికి వాళ్ల ఊరికి బస్సు లేదు. షేరు ఆటోలు చీకటి పడితే శింగనమల వైపు తిరిగి చూడవు. ఆరీఫాకు స్కూటీ నడపడం రాదు, వచ్చినా బండి లేదు. సాయంత్రం షిఫ్టు అంటే ఉద్యోగం మానేయమని నవ్వుతూ చెప్పడమే.

ఆ ఉద్యోగం ఆమెకు ఎంత ముఖ్యమో చెప్పాలంటే దూది సంగతి చెప్పాలి. ఆరీఫా నాయన నబీ రసూల్ పరుపులు కుట్టేవాడు. పెళ్లికి ముందు నాయన దగ్గర, తర్వాత కూడా పని ఎక్కువైనప్పుడల్లా, దూది ఏకి పరుపుల్లో కూరింది ఆమే. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దూది నుసి లోపలికి పోయేది. దగ్గు మొదలైతే వారాల తరబడి వదిలేది కాదు. డిగ్రీ చదువు రెండో ఏడే ఆగిపోయింది. ఈ ఉద్యోగంలో చేరాక దగ్గు పోయింది. అంతకంటే పెద్దది ఇంకొకటి. కుర్చీలో కూర్చుని, ముందర తనదైన పని పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం పట్టుకుంటుంటే సమయం తెలియకపోవడం ఆమెకు కొత్త. మళ్లీ దూది దగ్గరకు పోవాలని లేదు.

దారంతా ఆ రోజు మాటల్లేవు. ఊరి దగ్గర చెరువు కట్ట మీద సువార్త బండి ఆపింది.

“ఒక పని చేద్దాం మే. ఆ మేడంకు తేడాలు కావాల, అంతే కదా? పేజీకి రెండు తప్పులు నువ్వు చెయ్, మూడు నేను చేస్తా. ఎర్రగా కనపడతాది. అందరూ సంతోషం.”

“ఏ తప్పులు చేయాల్నో కూడా ఇద్దరం మాట్లాడుకునే కదక్కా పెట్టుకోవాల?”

సువార్త ఆలోచించింది. “అవును కదా,” అని కిక్కు కొట్టింది.

ఇంట్లో అత్త హలీమాబీ గుమ్మం దగ్గర కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. కోడలి ముఖం చూసి కాయలు పక్కన పెట్టింది. విషయం అంతా విని, మొదట ఆ అక్షరాన్ని తిట్టింది, తర్వాత దాన్ని రాసినవాణ్ని, చివరికి సువార్తను.

“రాత్రి పూట నేను పోయి తెస్తాలేమ్మా,” అన్నాడు షఫీవుల్లా, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

“నువ్వు తెచ్చేది నాకు తెలీదా?” అంది హలీమాబీ. “మోటరు ఇప్పుకుని కూర్చుంటే ప్రపంచం మీదికి రావు. నీ నిఖాకే ఆలస్యంగా వచ్చినోడివి. పిల్ల ఆడ రోడ్డు మీద నిలబడి ఉంటాది, నువ్వు ఈడ తీగ చుడతా ఉంటావు.”

షఫీవుల్లా కాదనలేదు. కాదనడానికి ఆధారాలు లేవు.

“ఏమ్మే,” అంది హలీమాబీ కోడలి వైపు తిరిగి, “మీ సారుకు కావాల్సింది ఏమి? మీ ఇద్దరూ మాట్లాడుకోకూడదు. అంతే కదా? దానికి పొద్దూ రాత్రీ ఎందుకు మార్చేది? మాట్లాడుకోనోళ్లు ప్రపంచంలో లేరా? నేనూ మీ పెద్దత్తా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, ఎన్నేండ్లు వండుకున్నామో అడుగు. ఒక్క మాట లేదు.”

ఆ మాట ఆరీఫా మనసులో పడింది. పడుకున్నా పోలేదు.

మరుసటి రోజు ఆమె సీట్లో కూర్చోకుండా నేరుగా మూడు అద్దాల గదిలోకి వెళ్లింది. హాలంతా చూస్తోంది. ఫరవాలేదనుకుంది.

“సార్, తప్పు మాదే. పూవనుకుని వదిలేసినాము. గుర్తు పెట్టుండాల్సింది,” అని మొదలుపెట్టింది. “కానీ షిఫ్టు మారిస్తే నేను మానేయాల సార్. మాకు బస్సు లేదు. మీకు కావాల్సింది ఒకరితో ఒకరు మాట్లాడనోళ్లు. షిఫ్టు ఎందుకు మార్చేది? జత మార్చండి. నాకు ఎవరితో మాటల్లేవో వాళ్ల పక్కన కూర్చోబెట్టండి.”

“నీకు మాటల్లేనోళ్లు కూడా ఉన్నారా?” హనుమంతరాయుడికి నిజంగానే ఆశ్చర్యం వేసింది.

“వంశీ ఉన్నాడు కదా సార్.”

వంశీ కళ్యాణదుర్గం నుంచి వస్తాడు. పొట్టి చేతుల చొక్కా, చెవుల్లో ఎప్పుడూ పాటలు. అతనికి ఏసీ పద్దెనిమిదిలో ఉండాలి. నలభై డిగ్రీల ఎండలో పుట్టి పెరిగిన ఆరీఫాకు ఆ చలికి వేళ్లు వంకర్లు పోతాయి. ఉగాది ముందు ఒకరోజు ఆమె రిమోటు దాచేసింది. అతను అందరి ముందూ, “దుప్పటి తెచ్చుకో, మీ నాయన పరుపులోడే కదా,” అన్నాడు. నాయన మాట ఎత్తాడని ఆమె ఆ రోజు నుంచి మాట్లాడలేదు. అవసరమైతే మధ్యలో సువార్త ఉంది. ‘ఆ యప్పకు జెప్పక్కా’ అని ఈమె, ‘ఆయమ్మను అడుగక్కా’ అని అతను.

హనుమంతరాయుడు కుర్చీలో వెనక్కి వాలాడు. అద్దంలోంచి హాలు వైపు చూశాడు. వంశీ పాటకు తల ఊపుతూ టైపు చేస్తున్నాడు.

“అయితే మా ఆఫీసులో ఇంకా ఎవరెవరికి పడదు?” అన్నాడు గొంతు తగ్గించి.

ఆరీఫాకు అన్నీ తెలుసు. సువార్త వెనక సీట్లో రోజూ కూర్చునేవాళ్లకు తెలియకపోవడమంటూ ఉండదు. ఆదెప్పకూ భద్రమ్మకూ పండగ సెలవుల దగ్గర చెడిందని చెప్పింది. ఇంకొందరి సంగతులూ చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు “అట్లనా!” అన్నాడు. ఒకసారి ముఖంలో నవ్వు కూడా మరిచిపోయాడు.

“సోమవారం ఒక పేజీ చూద్దాం,” అన్నాడు. “నువ్వూ వాడూ. పొద్దున షిఫ్టులోనే. పోల్చి చూసి ఆ మేడంకు పంపిస్తా. ఆమె ఊ అంటే సరే. కాదంటే నా చేతుల్లో లేదు.”

సోమవారం ఆరీఫా, వంశీ అట్టకు అటూ ఇటూ కూర్చున్నారు. పుస్తకం అదే, పేజీ కొత్తది. పక్కన కూడలి, బిందె అనే గొంతు లేదు. అడగడానికి మనిషి లేదు. ఆరీఫాకు మొదటి గంట అడవిలో తప్పిపోయినట్టే ఉంది. ఒకచోట గొర్రు కింద చుక్కలా ఏదో కనిపించింది. సిరానా, అక్షరమా? నోరు తెరవబోయి, అట్ట అవతల ఎవరున్నారో గుర్తొచ్చి మూసుకుంది. ‘తెలియదు’ గుర్తు పెట్టింది. పెట్టాక ఏమీ కాలేదు. ఎవరూ వచ్చి నెత్తిన నిలబడలేదు. ఇంకోచోట పెట్టింది. ఇన్నాళ్లూ తెలిసినట్టు నొక్కిన వాటిలో సువార్త గొంతు ఎంతుందో, తన కన్ను ఎంతుందో ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నం హనుమంతరాయుడు రెండు ఫైళ్లనూ పోల్చాడు. తెర మీద మిరపకాయల కళ్లంలా ఎర్రగా పరుచుకుంది. ఆయన అన్ని తప్పులు చూసి అంత సంతోషపడడం అంతకుముందు ఎవరూ చూడలేదు. “సూడండప్పా, ఇద్దరు మనుషులు!” అని గదిలోంచి బయటికొచ్చి చెప్పాడు. ఎర్రవి ఒక్కొక్కటీ పేజీతో సరిచూసుకున్నాక పంపించాడు.

జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆరీఫా భోజనం డబ్బా సగం తెరిచి మూసేసింది. సువార్త ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఇద్దరి దేవుళ్లకూ మొక్కింది. మూడో రోజు హనుమంతరాయుడు అద్దం మీద వేలితో తట్టి, బొటనవేలు పైకి చూపించాడు. షిఫ్టులు మార్చక్కర్లేదు. ఇకపై ఆఫీసంతా ఇదే పద్ధతి. జతలు ఆయనే వేస్తాడు. సాలీడు అక్షరానికి పటంలో చోటు దొరికింది, కీబోర్డులో మూలనున్న మీట ఒకటి దానికి ఇచ్చారు.

సువార్తను ఆదెప్పతో జత వేశారు. ఆదెప్పతో పడకపోవడానికి ఆమెకు కారణమేమీ లేదు, సాయంత్రానికల్లా ఒకటి తయారుచేసుకుంది. స్కూటీ మీద ఇద్దరి మాటలూ మామూలే. అక్షరాల సంగతి మాత్రం ఎత్తరు. ఎత్తితే బండి ఆపి దింపేస్తానని సువార్తే ఒట్టు పెట్టుకుంది.

శ్రావణంలో వంశీకి ఆడబిడ్డ పుట్టింది. పాలకోవా పెట్టె పట్టుకుని హాలంతా తిరిగాడు. చివరికి అట్ట ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. చెవుల్లో పాటలు లేవు.

“అక్కా,” అన్నాడు నేరుగా ఆరీఫాతో. “పాప పుట్టింది. ఆ రోజు మీ నాయన మాట అన్నేసినా. తప్పే. మనసులో పెట్టుకోవద్దు. ఇంక మాట్లాడుకుందాము.”

ఆరీఫా కోవా తీసుకుంది. కోపం ఎప్పుడో పోయిందని ఆమెకూ తెలుసు. పాప ఎవరి పోలికో, బరువెంతో, కాన్పు ఎక్కడయిందో అడగాలని నాలుక దురద పెడుతోంది. అద్దాల గదిలో హనుమంతరాయుడు కోవా నములుతూ ఇటే చూస్తున్నాడు. తెర మీద పుస్తకం ఇంకా సగముంది.

ఆమె అటువైపు వరుసలో ఉన్న సువార్త వైపు తిరిగింది.

“అక్కా,” అంది గట్టిగా, హాలంతా వినేలా. “బిడ్డ సల్లగుండాలని ఆ యప్పకు జెప్పు. పుస్తకం అయ్యేదాకా ఏమీ మాట్లాడేది లేదని కూడా జెప్పు.”

వంశీ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత అర్థమైంది. నవ్వు ఆపుకుంటూ తనూ సువార్త వైపే తిరిగాడు.

“సరేనని జెప్పక్కా,” అన్నాడు, వెళ్లి కూర్చున్నాడు.

ఆరీఫా చేయి తుడుచుకుని రెండు వరుసలు టైపు చేసింది. ఇంక ఆగలేకపోయింది.

“అక్కా, పేరేమి పెడతాండారో కూడా అడుగు.”